కారే రాజులు, రాజ్యముల్ గలుగవే: పోతన పద్యం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రం పూట పదో తరగతి పిల్లలకు తెలుగు చెబుతాను. ఏటా ఈ పద్యం దగ్గరికి వచ్చేసరికి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. పిల్లలు అడిగాక వాళ్ల అమ్మానాన్నలు ఫోన్ చేసి అడుగుతారు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, విదేశాల్లో పిల్లలకు ఆదివారాలు తెలుగు నేర్పేవాళ్లు కూడా అడిగేది ఇవే. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, దేనికదే విడిగా జవాబు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## పద్యం చదవబోయే ముందు

ఒక్కో చోట ఒక్కోలా కనిపిస్తోంది. సరైన పాఠం ఒకసారి రాసి చూపిస్తారా?

కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే?
వారేరీ? సిరి మూటఁ గట్టుకొని పోవం జాలిరే? భూమిపైఁ
బేరైనం గలదే? శిబిప్రముఖులుం బ్రీతిన్ యశఃకాములై
యీరే కోర్కులు? వారలన్ మఱచిరే యిక్కాలమున్? భార్గవా!

ప్రశ్నార్థకాలు మన వీలు కోసం పెట్టుకున్నవే. పాత ప్రతుల్లో అవి ఉండవు. అరసున్నలు, బండి ఱ కొన్ని పుస్తకాల్లో వదిలేస్తారు. దానివల్ల అర్థం మారదు కాబట్టి కంగారు పడక్కర్లేదు.

ఇది ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్న మాట?

బలి చక్రవర్తి తన గురువు శుక్రాచార్యుడితో అన్నది. పోతన ఆంధ్ర మహాభాగవతం అష్టమ స్కంధంలో, వామన చరిత్రలో వస్తుంది.

బలి నర్మదా తీరంలో అశ్వమేధం చేస్తున్నాడు. ఒక పొట్టి బ్రహ్మచారి వచ్చి మూడడుగుల నేల అడిగాడు. బలి ఇస్తానన్నాడు. అంతలో గురువు అడ్డుపడ్డాడు. వచ్చినవాడు విష్ణువు, ఇస్తే నీ రాజ్యం, నీ కులం మిగలవు, ప్రాణానికీ విత్తానికీ మానానికీ ముప్పు వచ్చినప్పుడు బొంకినా పాపం అంటదు అని నచ్చజెప్పాడు. బలి ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. "మీరన్నది నిజమే" అని మర్యాదగానే మొదలుపెట్టి, ఈ పద్యం చెప్పాడు.

ఆ సమయానికి బలి ఎవరన్నది మరిచిపోకూడదు. ఇంద్రుణ్ణి స్వర్గం నుంచి తరిమి మూడు లోకాలూ ఏలుతున్నవాడు. అన్నీ పోగొట్టుకున్న మనిషి ఓదార్పు కోసం చెప్పుకున్న మాట కాదిది. అన్నీ చేతిలో ఉన్నవాడు, మరుక్షణం అవి పోతాయని తెలిసి, చెప్పిన మాట.

భార్గవుడంటే పరశురాముడు కదా? ఆయన ఇక్కడికెందుకొచ్చాడు?

భృగువు వంశంలో పుట్టిన ఎవరైనా భార్గవుడే. పరశురాముడూ భార్గవుడే, శుక్రాచార్యుడూ భార్గవుడే. ఇక్కడ శుక్రాచార్యుడు.

ఈ పిలుపులో ఇంకో సంగతి ఉంది. దేవతలతో యుద్ధంలో ఒకసారి చచ్చిపడిన బలిని బతికించింది శుక్రాచార్యుడే. విశ్వజిత్ యాగం చేయించి స్వర్గం గెలిచే బలం ఇచ్చింది కూడా భృగు వంశం వాళ్లే. ఏ రాజ్యం శాశ్వతం కాదని బలి అంటున్నాడో, ఆ రాజ్యం సంపాదించిపెట్టిన మనిషినే "భార్గవా" అని పిలుస్తున్నాడు. నాకు ఆ సంబోధనలో కృతజ్ఞత, ఎదురుచెప్పాల్సి వచ్చిందన్న బాధ రెండూ వినిపిస్తాయి.

## అర్థం దగ్గర ఆగిపోయినవాళ్లకు

"కారు" అంటే "అవరు" అని కదా? మరి "కారే రాజులు" అంటే వాళ్లు రాజులు కాలేదనా?

అందరూ తడబడేది ఇక్కడే. కారు అంటే అవరు అనే. దాని మీద ప్రశ్నను తెలిపే "ఏ" చేరింది. కారు + ఏ = కారే. అంటే "కాలేదా?" అని. "ఎంతమంది రాజులు కాలేదు?" అని మనం మామూలుగా అంటే చాలామంది అయ్యారనేగా అర్థం. ఇదీ అంతే.

పద్యంలో ఎనిమిది ప్రశ్నలున్నాయి. వాటిని బోర్డు మీద రెండు వరుసలుగా రాయిస్తాను. ఒక వరుసలో కారే, కలుగవే, పొందరే, ఈరే. ఇవి "కాలేదా, కలగలేదా, పొందలేదా, ఇవ్వలేదా" అనే తిరగేసిన ప్రశ్నలు. వీటికి జవాబు "అవును, అయ్యారు, పొందారు, ఇచ్చారు." రెండో వరుసలో ఏరీ, చాలిరే, కలదే, మఱచిరే. ఇవి "ఎక్కడున్నారు, తీసుకుపోగలిగారా, పేరుందా, మరిచారా" అనే నేరు ప్రశ్నలు. వీటికి జవాబు "లేరు, పోలేకపోయారు, లేదు, మరవలేదు." సరిగ్గా నాలుగు, నాలుగు. ఈ రెండు వరుసలూ విడదీసి చూశాక పద్యం అర్థం కాలేదన్న పిల్లల్ని నేనింతవరకు చూడలేదు.

మొత్తం పద్యాన్ని మామూలు మాటల్లో చెబుతారా?

గురువుగారూ, ఇంతకుముందు ఎంతమంది రాజులు కాలేదు? వాళ్లకు రాజ్యాలు కలగలేదా? గర్వంతో మిడిసిపడలేదా? వాళ్లంతా ఇప్పుడేరీ? సంపదను మూటగట్టుకుని వెంట తీసుకుపోగలిగారా? పోనీ, భూమ్మీద పేరైనా మిగిలిందా? శిబి లాంటివాళ్లు కీర్తి కోరి, ఇష్టంగా, అడిగినవాళ్ల కోరికలు తీర్చలేదా? వాళ్లను లోకం ఈ కాలానికైనా మరిచిపోయిందా?

"శిబిప్రముఖులు" అంటే శిబి అనే ప్రముఖుడు అనుకోవచ్చా?

అనుకోకూడదు. ఇవాళ ప్రముఖులంటే సభలో ముందు వరుస కుర్చీల్లో కూర్చునే పెద్దలు. ఇక్కడ ఆ మాటకు "మొదలైనవారు" అని అర్థం. శిబి మొదలుగా గల దాతలు. డేగ తరుముతుంటే తన ఒళ్లో వాలిన పావురం కోసం ఒంటి మాంసం కోసి తక్కెడలో పెట్టిన రాజు శిబి.

"రాజు" అన్న మాట గమనించండి. శిబీ రాజే. పద్యం రాజులను ఒక పక్క, బీద దాతలను ఇంకో పక్క నిలబెట్టలేదు. ఇద్దరి దగ్గరా సింహాసనం ఉంది, సిరి ఉంది. ఒకరు మూట కట్టుకోవాలని చూశారు, ఇంకొకరు మూట విప్పారు.

"సిరి మూటగట్టుకొని" అని అంత మామూలు మాట ఎందుకు వాడాడు?

పద్యంలో కంటికి కనిపించే వస్తువు ఇదొక్కటే. రాజ్యం, గర్వం, కీర్తి, ఇవేవీ చేత్తో పట్టుకునేవి కావు. మధ్యలో ఒక మూట పెట్టాడు. చద్ది కట్టుకున్నట్టు, సంతకు వెళ్లేవాడు గుడ్డ కొసలు ముడేసుకున్నట్టు, చక్రవర్తి సిరిని మూటకట్టి భుజాన వేసుకోబోతున్నాడు. ఆ బొమ్మ మనసులో పడగానే పెద్ద పెద్ద రాజులంతా మనలాంటి బాటసారులైపోతారు. ఇదే ఘట్టంలో బలి చేత "రాజ్యము గీజ్యమున్ సతతమే" అనిపించింది కూడా పోతనే. డబ్బూ గిబ్బూ అని మనం ఇంట్లో ఎలా అంటామో అలాగే, మూడు లోకాల రాజ్యాన్ని పట్టుకుని రాజ్యము గీజ్యము అన్నాడు. పోతన తెలుగు మీద నాకున్న ప్రేమకు సగం కారణం ఇలాంటి మాటలే.

## లోతుగా చదవాలనుకునేవాళ్లకు

ఇది వైరాగ్య పద్యమే కదా? ఎవరైనా పోయినప్పుడు చదువుతారుగా?

చదువుతారు. కానీ చాలాసార్లు సగమే చదువుతారు. ఒకసారి మా బంధువుల ఇంట్లో పదకొండో రోజున ఒక పెద్దాయన ఈ పద్యం అందుకుని "పేరైనం గలదే" దగ్గర ఆపి, అంతా మిథ్య అన్నట్టు చేతులు తిప్పాడు. అందరూ తలలూపారు. పోయినాయన ఊళ్లో బడికి స్థలం ఇచ్చిన మనిషి. ఆయన కూతురు గుమ్మం దగ్గర నుంచి "సగంలో ఆపేశారేంటి బాబాయ్, మిగతాది కూడా చదవండి" అంది. మిగతా పాదమున్నర చదివాక ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ మిగిలిన పాదమున్నరలోనే పద్యం మలుపు తిరుగుతుంది. "శిబిప్రముఖులుం" అనే దాకా అన్నీ పోతాయని చెప్పి, అక్కడి నుంచి పోనిది చూపిస్తాడు. పైగా ఈ పద్యం చెప్పాక బలి అడవికి పోలేదు, కళ్లు మూసుకుని కూర్చోలేదు. చెయ్యి చాచి దానం ధారపోశాడు. ఒక పని చెయ్యడానికి సిద్ధపడుతూ చెప్పిన పద్యాన్ని వైరాగ్యం అని సరిపెట్టేస్తే బలికి అన్యాయం చేసినట్టే.

"పేరైనం గలదే" అన్నాడు కానీ చాలామంది రాజుల పేర్లు ఉన్నాయిగా? రుద్రమదేవి, కృష్ణదేవరాయలు?

మంచి ప్రశ్న, దబాయించి నోరు మూయించాల్సింది కాదు. అక్షరాలా తీసుకుంటే చరిత్ర పుస్తకంలో వందలమంది పేర్లున్నాయి. బలి అడుగుతున్న పేరు వేరు. నలుగురి నోట్లో ప్రేమగా మసలే పేరు.

ఓరుగల్లు వైపే చూడండి. కాకతీయ రాజ్యం 1323లో పడిపోయింది. కోటలో ఇవాళ విరిగిన రాళ్ల మధ్య నాలుగు తోరణాలు నిలబడి ఉన్నాయి. వాటి కింద ఫొటోలు దిగుతాం. గణపతిదేవుడి కాలంనాటి పాకాల చెరువు సంగతి వేరు. ఆ నీటితో ఇప్పటికీ వరి పండుతోంది. కాకతీయుల మాట రాగానే అక్కడి రైతు ముందు తలుచుకునేది వాళ్లు గెలిచిన యుద్ధాలనా, తవ్వించిన చెరువులనా? ఆ తేడాయే పద్యం. పోతన ఊరు బమ్మెర ఓరుగల్లుకు దూరమేమీ కాదు. ఆ సామ్రాజ్యం కూలిన మరుసటి శతాబ్దపు మనిషి ఆయన. "వారేరీ" అన్న మాట రాసేటప్పుడు ఆయన కళ్ల ముందు ఏం మెదిలిందో చెప్పలేం కానీ, ఆ నేల మీద ఆ మాట చదివితే మనకు మాత్రం ఆ తోరణాలే మెదులుతాయి.

కీర్తి కోసం ఇవ్వడం కూడా ఒక రకం గర్వమే కదా సార్?

పోతన ఈ సంగతి దాచలేదు. "యశఃకాములై" అని తేటగా చెప్పాడు. వాళ్లకు కీర్తి కావాలి, అందుకే ఇచ్చారు. కానీ ఆ మాటకు ముందు "ప్రీతిన్" అని పెట్టాడు. ఏడ్చుకుంటూ కాదు, ఇష్టపడి ఇచ్చారు.

నా మటుకు నాకు బలిలో ఈ దశలో గర్వం పూర్తిగా పోలేదనే అనిపిస్తుంది. ఇదే ఘట్టంలో, లక్ష్మీదేవిని తాకిన ఆ చెయ్యి కింద, నా చెయ్యి పైన ఉండటం మేలు కాదా అని సంబరపడతాడు. విష్ణువు అంతటివాడికి తాను ఇస్తున్నానన్న గర్వం అది. అది పోవడానికి ఇంకా సమయం పడుతుంది. రెండడుగులతో లోకాలన్నీ కొలిచాక, కట్టుబడి నిలబడి, మూడో అడుగుకు తన తల చూపినప్పుడు పోతుంది. నేను ఎవరిని కరుణించాలనుకుంటానో ముందు వాళ్ల సంపదంతా లాగేసుకుంటానని విష్ణువు అప్పుడు చెబుతాడు. కాబట్టి ఈ పద్యంలోని బలి ఇంకా దారిలో ఉన్న బలి. అందుకే మనకు దగ్గరివాడుగా కనిపిస్తాడు.

సంస్కృత మూలంలో కూడా ఇలాగే ఉందా, పోతన మార్చాడా?

మార్చాడు, ఆ మార్పే పద్యానికి ప్రాణం. వ్యాస భాగవతంలో బలి ముందు దధీచి, శిబి లాంటి సాధువులు ప్రాణాలే ఇచ్చేశారు, భూమి ఎంత అంటాడు. తర్వాత యుద్ధంలో వెనుదిరగని దైత్యరాజుల సంగతి చెబుతాడు. వాళ్ల లోకాలను కాలం మింగేసింది, భూమ్మీద సంపాదించుకున్న కీర్తిని మాత్రం మింగలేదు అంటాడు. అంటే మూలంలో వీరులైన రాజులకూ కీర్తి మిగిలింది.

పోతన వరుస తిప్పాడు. రాజులను ముందుకు తెచ్చి, దాతలను చివరికి పెట్టాడు. గర్వించిన రాజులకు పేరు కూడా మిగల్చకుండా, అదంతా శిబి లాంటివాళ్లకు ఇచ్చేశాడు. రెండు శ్లోకాల్లో మెత్తగా ఉన్న తేడాను నాలుగు పాదాల్లో కత్తి అంచులా చేశాడు.

ఇంకొకటి. మూలంలో కాలం ఒక మింగే శక్తి. పోతన పద్యంలో అది "ఇక్కాలమున్", ఈ కాలంలో. ఏ ఈ కాలం? బలిదా, పోతనదా, మనదా? ఎవరు ఎప్పుడు చదివితే అది వాళ్ల కాలమే అవుతుంది. నేను మరిచానా అని చదివినవాళ్లు తమను తాము అడుగుకోవాల్సిందే.

ఇంగ్లీషు పాఠంలో ఓజిమాండియస్ ఉంది. రెండూ ఒకటేనా?

వస్తువు దగ్గరిది, చెప్పే తీరు వేరు. షెల్లీ రాసిన ఆ 14 పాదాల సానెట్ 1818 జనవరిలో అచ్చయింది. ఈజిప్టు రాజు రెండో రామ్సెస్‌కు గ్రీకులు పెట్టిన పేరే ఓజిమాండియస్. ఎడారిలో విరిగిన విగ్రహం, పీఠం మీద ప్రగల్భాల రాత, చుట్టూ ఇసుక. ఒక బాటసారి చూసి వచ్చి చెప్పిన మాటలవి.

అక్కడ రాజు ఎప్పుడో పోయాడు, గర్వానికి ఇసుక జవాబు చెబుతోంది. ఇక్కడ రాజు బతికే ఉన్నాడు, ఆ ప్రశ్నలు తనకు తానే వేసుకుంటున్నాడు. అక్కడ శిల్పి చేతి పనితనం కాస్త మిగిలింది. ఇక్కడ ఇచ్చిన చెయ్యి మిగిలింది. రెండు పద్యాలనూ పక్కపక్కన పెట్టి చదివితే బాగుంటుంది. ఒకదాన్ని చూసి ఇంకోటి రాశారని మాత్రం రాయకండి.

పోతన జీవితానికీ ఈ పద్యానికీ సంబంధం ఉందా?

"ఇమ్మనుజేశ్వరాధములకు" నా కావ్యం ఇచ్చి ఊళ్లు, వాహనాలు, సొమ్ములు పుచ్చుకోనని చెప్పి భాగవతాన్ని శ్రీరాముడికి అంకితమిచ్చిన కవి ఆయన. రాజుల సిరి మీద ఆయనకున్న అభిప్రాయం అక్కడే తెలుస్తోంది. బలి మాటల్లో కవి గొంతు కూడా కలిసిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

## ఛందస్సు, వ్యాకరణం

శార్దూలమా, మత్తేభమా? చూడగానే ఎలా చెప్పాలి?

శార్దూలం. మొదటి మూడు అక్షరాలు చూస్తే చాలు. కా-రే-రా, మూడూ గురువులే, అంటే మగణం. మత్తేభమైతే రెండు లఘువులతో మొదలవుతుంది. శార్దూలానికి మ, స, జ, స, త, త, గ అనే గణాలు, పాదానికి 19 అక్షరాలు, 13వ అక్షరం యతిస్థానం. ప్రాస అక్షరం ర.

మూడో పాదంలో "బే"కి "బ్రీ"కి యతి ఎలా కుదిరింది?

యతికి హల్లు, అచ్చు రెండూ చూడాలి. హల్లు బ, బ. అచ్చులు ఏ, ఈ. ఇ, ఈ, ఎ, ఏ ఒకదానికొకటి మైత్రి ఉన్న అచ్చులు, కాబట్టి సరిపోయింది. మొదటి పాదంలో కా–గ, రెండో పాదంలో వా–వం, నాలుగో పాదంలో యీ–యి.

పరీక్షలో అడిగే సంధులు ఏవి?

గర్వ + ఉన్నతి = గర్వోన్నతి, గుణసంధి. ఉన్నతిన్ + పొందరే = ఉన్నతిం బొందరే, పోవన్ + చాలిరే = పోవంజాలిరే, ఈ రెండూ సరళాదేశ సంధి. వారు + ఏరీ = వారేరీ, పేరు + ఐనన్ = పేరైనన్, ఉత్వసంధి. ఈ + కాలము = ఇక్కాలము, త్రికసంధి. యశఃకాములై + ఈరే దగ్గర యడాగమం వచ్చింది.

## రాసేటప్పుడు, పైకి చదివేటప్పుడు

భావం అంతా రాశాను, అయినా మార్కులు తగ్గాయి. ఎక్కడ తప్పు చేసి ఉంటాను?

నేను దిద్దిన పేపర్లలో ఎక్కువగా కనిపించే తప్పు, ఎవరు ఎవరితో అన్నారో రాయకపోవడం. రెండోది, "మఱచిరే"ను "వాళ్లు మరిచిపోయారు" అని రాయడం. అలా రాస్తే పద్యం తలకిందులైపోతుంది. మూడోది, దానం గొప్పది అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడం. గర్వించిన రాజుల సగం, ఇచ్చిన రాజుల సగం, రెండూ రాసి, ఆ రెండింటి మధ్య తేడా ఒక వాక్యంలో చెప్పండి. టెన్షన్‌లో మరిచిపోతామనుకుంటే ఎనిమిది ప్రశ్నలనూ వరుసగా జవాబులుగా మార్చి రాసినా భావం వచ్చేస్తుంది.

పైకి చదివేటప్పుడు పాదం చివర ఆపాలా?

ఈ పద్యంలో ఆపితే అర్థం తెగిపోతుంది. రెండో పాదం చివరి "భూమిపైఁ" మూడో పాదంలోని "బేరైనం గలదే"కి చెందినది. "యశఃకాములై" నాలుగో పాదంలోని "ఈరే"తో కలుస్తుంది. ప్రశ్న ఎక్కడ పూర్తయితే అక్కడ ఆపండి. మొదటి పాదంలో మూడు ప్రశ్నలూ చకచకా రానివ్వండి. "వారేరీ" దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి, చుట్టూ చూసి వెతుకుతున్నట్టు. "శిబిప్రముఖులుం" దగ్గర గొంతు మెత్తబడాలి.

చాలామంది పిల్లలు చివరి "భార్గవా"ను నాటకంలో సవాలు విసిరినట్టు గట్టిగా అరుస్తారు. అలా చదవద్దని చెబుతాను. "ఇక్కాలమున్" తర్వాత ఊపిరి పీల్చుకుని, ఎదురుగా కూర్చున్న గురువు మొహంలోకి చూస్తూ, మాట వినలేకపోతున్నాను క్షమించండి అన్నట్టు నెమ్మదిగా పిలవాలి.